మెట్లెక్కని ప్రిన్సిపాల్

మా తమ్ముడు లమాంట్ పుణ్యమా అని ఆ శీతాకాలమంతా మా ఇంట్లో ఎవరూ బల్ల దగ్గర కూర్చుని భోంచేయలేదు. బల్ల నిండా అతను పెట్టబోయే బడి పరుచుకుని ఉండేది. మా ఆయన పళ్ళెం చేత్తో పట్టుకుని, ఫ్రిజ్‌కి ఆనుకుని తినడం నేర్చుకున్నాడు. ఉప్పు అందించమంటే తమ్ముడు తరగతి గదుల ప్లాను అందించేవాడు.

క్లీవ్‌లాండ్‌లో మా తూర్పు వైపున్న పాత బడిని వేసవిలో మూసేస్తామని అప్పటికే ప్రకటించారు. దాని వెనక అపార్టుమెంట్లలో ఉండే పిల్లలకి ఇక నడిచి వెళ్ళే దూరంలో బడి ఉండదు. వాళ్ళ కోసమే లమాంట్ చార్టర్ స్కూలుకి అనుమతి తెచ్చాడు. ఖర్చు ప్రభుత్వానిది, నడిపే బాధ్యత మనది. పిల్లలు ఫీజు కట్టక్కర్లేదు. సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువైతే మాత్రం అందరి ముందూ చీటీలు తీయాలి.

చర్చి కింది హాల్లో మొదటి మీటింగు పెట్టాడు. పాత బడిలో నాలుగో తరగతి చెప్పే డెల్ఫీన్ వెనక వరసలోంచి లేచి, మా పిల్లల్లో ఎవరెవరిని ఏరుకుంటారని అడిగింది.

"ఎవరినీ ఏరుకోను టీచర్ గారూ. చీటీకి కళ్ళుండవు," అన్నాడు లమాంట్.

"కాళ్ళూ ఉండవు ప్రిన్సిపాల్ గారూ. మా వాళ్ళ మెట్లు అది ఎక్కదు."

హాలంతా నవ్వింది. తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు అతని చెవులు అలా అయ్యాయంటే జ్వరమైనా వచ్చి ఉండాలి, ఎవరైనా నచ్చైనా ఉండాలి. ఆ రోజు జ్వరం లేదు.

మీటింగయ్యేసరికి వాన. ఒకే గొడుగు కింద పోట్లాడుకుంటూ ఇద్దరూ బస్‌స్టాప్ దాకా నడిచారు. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. పోట్లాట ఇంకా అవలేదు.

తర్వాత ప్రతి ఆదివారం ఆవిడ మా ఇంట్లోనే తేలేది. నా కేకు తింటూ తమ్ముడి ప్లానులో తప్పులు పట్టేది. మా ఆయన కోసం ఏనాడూ ఖాళీ కాని కుర్చీ ఆవిడ వచ్చే వేళకి తుడిచి ఉండేది. ఒకరినొకరు పిలుచుకోవడంలో "గారు"లు రాలిపోయాయి. ఎప్పుడు రాలాయో నేను చూడలేదు, చూడనట్టే ఉన్నాను.

డెల్ఫీన్ అడిగేది ఒక్కటే. ఆ అపార్టుమెంట్లలో ఎవరూ ముక్కూ మొహం తెలియనివాడి చేతిలో పిల్లల్ని పెట్టరు. బడి పెట్టే మనిషి మెట్లెక్కి పైకి రావాలి, వంటింట్లో కూర్చోవాలి, పెట్టింది తినాలి. మీ అమ్మ ఎవరు, మీరు ఏ చర్చి అంటే జవాబు చెప్పాలి. డెల్ఫీన్ తనే ఇల్లిల్లూ తిరిగింది. మనవల్ని సాకుతున్న మిస్ ఎర్లీన్, ఆ అబ్బాయే వస్తే అప్పుడు చూద్దామందట. బడులు తెరిచి మూసేసేవాళ్ళ మాటలు ఆవిడ చాలా విని ఉంది.

లమాంట్ ఒప్పుకోలేదు. తను స్వయంగా వెళ్ళి కొందరిని పిలిస్తే పక్షపాతమంటారని, దరఖాస్తు ఫోన్లో అందరికీ తెరిచే ఉందని వాదించాడు. అసలు అతనికి తన న్యాయం మీద కాస్త మోజు.

"నీ న్యాయం చాలా శుభ్రంగా ఉంది లమాంట్. ఎవరి గుమ్మమూ తొక్కనిది శుభ్రంగానే ఉంటుంది," అని డెల్ఫీన్ కోటు వేసుకుంది.

ఆ తర్వాతి ఆదివారం ఆవిడ రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. కుర్చీ మీద మళ్ళీ కాగితాలు చేరాయి.

చీటీలు తీసే రోజు హాలు కిక్కిరిసింది. గెలిచేశామనుకుని నేను కేకు ముక్కలు చిన్నవిగా కోశాను. లమాంట్ పేర్లు చదవడం మొదలుపెట్టాడు. చప్పట్లు కొట్టినవాళ్ళంతా పార్కు అవతలి వాళ్ళు. మంచి కోట్లు, బయట మంచి కార్లు, వాళ్ళ వీధిలో వాళ్ళకి మంచి బడి కూడా ఉంది. గోడ దగ్గర తడి కోటుతో నిలబడిన డెల్ఫీన్ ప్రతి పేరుకీ తలెత్తి, మళ్ళీ దించుకుంటోంది. చదువుతున్న కొద్దీ తమ్ముడి గొంతు సన్నబడింది. సీట్లు నిండిపోయాయి. ఆ అపార్టుమెంట్ల నుంచి ఒక్క పేరూ లేదు. ఉండడానికి ఒక్క దరఖాస్తూ రాలేదు; చూస్తే పక్షపాతమవుతుందని లమాంట్ ముందుగా అడ్రసులు చూడనేలేదు. ఒకసారి తీసిన చీటీలు మళ్ళీ తీయడానికి రూలు ఒప్పుకోదు.

అందరూ అతనితో చెయ్యి కలిపి, అభినందించి వెళ్ళారు. ఎవరో చావు కబురు చెబుతుంటే మర్యాదకి నవ్వినట్టు నవ్వాడు.

హాలు ఖాళీ అయ్యాక డెల్ఫీన్ కుర్చీలు మడుస్తూ, ఆ పిల్లల్ని ఊరవతలి బడికి బస్సులో పంపుతారని చెప్పింది. కోపం లేదు ఆ గొంతులో. కోపముంటే బాగుండుననిపించింది నాకు.

"మిస్ ఎర్లీన్ నిన్న కూడా అడిగింది," అంది. "ఆ అబ్బాయి వస్తాడేమోనని చికెన్ వేడిగా ఉంచిందట."

లమాంట్ కూలబడి, అరచేతుల్లోకి ఏదో గొణిగాడు.

"వినపడలేదు. మీ అక్క కూడా వింటోంది, కాస్త గట్టిగా చెప్పు."

నేను అప్పటికి చాలాసేపటి నుంచి ఒకే పళ్ళెం తుడుస్తున్నాను.

డెల్ఫీన్ మడిచిన కుర్చీనే మళ్ళీ తెరిచి అతని పక్కన వేసుకుని కూర్చుంది. అతను తలెత్తాడు.

"వాళ్ళ కోసం బడి పెట్టాను, వాళ్ళ ఇంటికి మాత్రం వెళ్ళలేదు. నువ్వు చెబుతూనే ఉన్నావు. నాది తప్పు, డెల్ఫీన్."