తక్కెడ రెండోసారి తూచడు

పొద్దున్న పదిన్నరకి మంగలి కుర్చీలో, మెడకి కట్టిన తెల్లగుడ్డ విప్పకముందే, శత్రువుల కెమిస్టు చచ్చిపోయాడు. పావుగంటలో అతని కళ్ళజోడూ, తోలుసంచీ మాస్టారి ముందున్న బల్లమీదికి వచ్చాయి.

"పెట్టుకో," అన్నారు ఆఫీసు పెద్దాయన. "వాడి మొహం అక్కడెవరూ చూడలేదు. ఇక నువ్వే ఆ కెమిస్టువి."

మాస్టారు పదేళ్ళు బళ్ళో కెమిస్ట్రీ చెప్పి, ఆ తర్వాత ఇంటెలిజెన్స్‌లో చేరినవాడు. చచ్చినవాడి కళ్ళజోడు పెట్టుకునేముందు మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. ఇలాంటి పనికి బయల్దేరుతూ పెట్టే దణ్ణం ఆయనకి చేరుతుందా అన్న అనుమానం మాత్రం ఉంది.

"సరిహద్దు కంచెకి అవతల మనవాళ్ళు నలభై ఇద్దరున్నారు. వాళ్ళ పేర్లున్న ఫిల్మ్ రేపు మధ్యాహ్నం, గాలి అటు తిరగ్గానే, హైడ్రోజన్ బెలూన్‌లో కంచె దాటుతుంది. దాటిందా, నలభై రెండు శవాలు. బెలూన్‌కి కట్టేదాకా ఫిల్మ్ బయటికి తీయరు. అందుకే పన్నెండు సైరన్‌కి గాని మేం దిగం. నువ్వు బెలూన్ లేవకుండా చూడు."

"బెలూన్‌లో వెళ్ళేదెవరు?"

పెద్దాయన ఫోటో ముందుకి తోశారు. క్లబ్బులో పాడే ఆవిడ. నల్లకోటు, నడుము దాటిన జడ.

"మా వదిన!"

"తెలుసు. మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది. మీ అన్న పోయినప్పట్నించీ చూస్తున్నాను, ఎవరి మనిషో తేలలేదు."

* * *

ఊరి చివర, కంచెకి దగ్గర్లో, పైకప్పూ, కంచెవైపు గోడా లేని గోడౌన్. ముఠా నాయకుణ్ణి అందరూ తక్కెడ అంటారు. తూచనిదే తల్లి మాటైనా నమ్మడు. ఒకసారి తూచాక మళ్ళీ తూచడం మాత్రం వాడికి నామోషీ.

"ఒక మోల్ గ్యాస్ ఎన్ని లీటర్లు?" అన్నాడు, గడప దగ్గరే ఆపి.

అదే పరీక్ష అని మాస్టారికి అర్థమైంది. "మంచులో అయితే ఇరవై రెండు పాయింట్ నాలుగు. ఇక్కడి ఎండకి ఇరవై నాలుగున్నర."

తక్కెడ నవ్వాడు. "రా. పిడిబాకు తప్ప ఆయుధం లోపలికి రాదు. హైడ్రోజన్ దగ్గర నిప్పురవ్వ పడితే మనందరికీ ఒకటే చితి."

లెక్క చెప్పమన్నాడు. మనిషి యాభై రెండు కిలోలు, బెలూన్ సరంజామా ఇరవై, ఫిల్మ్ పెట్టె మూడు. మొత్తం డెబ్భై అయిదు. ఘనమీటరు హైడ్రోజన్ కిలో మీద వంద గ్రాములు మోస్తుంది. అంటే డెబ్భై ఘనమీటర్లుంటే డెబ్భై ఏడు కిలోలు, కాస్త మిగులుతో సరిపోతుంది. ఒక మోల్ జింక్ కరిగితే ఒక మోల్ హైడ్రోజన్, దానికి రెండు మోల్స్ యాసిడ్. జింక్ నూట ఎనభై ఏడు కిలోలు.

"ఏం మాస్టారూ, మీ బెలూన్ నన్ను మోస్తుందా? ఈమధ్య కాస్త ఒళ్ళు చేశాను," అంది వదిన, కొత్తవాణ్ణి చూసినట్టే.

"లెక్కకి మొహమాటం లేదండీ," అన్నాడు మాస్టారు.

జింక్ తక్కెడ కళ్ళముందే ఉంది. యాసిడ్ డ్రమ్ములు మాత్రం వచ్చినరోజే తూచి పక్కన పెట్టేశాడు. వాళ్ళు భోజనాలకి కూర్చున్న గంటలో మాస్టారు ప్రతి నాలుగో డ్రమ్మూ కాలవలోకి వంపేసి నీళ్ళు నింపాడు. యాసిడ్ ముప్పావువంతే ఉంటే, జింక్ ఎంతున్నా గ్యాస్ ముప్పావువంతే వస్తుంది. బెలూన్ యాభై ఎనిమిది కిలోలకి మించి మోయదు. వదిన నేలమీదే ఉంటుంది, ప్రాణాలతో.

* * *

మర్నాడు పదకొండున్నరకి బెలూన్ వాడిన ముఖంతో వేలాడుతోంది. యాసిడ్ పోసిన తొట్టెల అడుగున జింక్ మిగిలిపోయింది.

తక్కెడ తొట్టెలోకి తొంగి చూశాడు. తెలివితక్కువవాడు కాదు. "యాసిడ్ చాల్లేదు. డ్రమ్ములమ్మినవాడి సంగతి తర్వాత చూస్తాను. ఇప్పుడిది ఎంత మోస్తుంది?"

అబద్ధమాడితే పక్కనే కాటా ఉంది. "యాభై ఎనిమిది."

తక్కెడ వదిన కోటు విప్పించాడు. చెప్పులు విప్పించాడు. బాకుతో జడ తెగ్గోసి కాటాలో వేశాడు. ముల్లు పెద్దగా కదల్లేదు. వాడు తాపీగా గోడవారనున్న గదివైపు చూసి, "చిన్నదాన్ని తీసుకురండ్రా," అన్నాడు. "పొద్దున్నే తూచాను. ముప్పై మూడు."

ముప్పై మూడు, ఇరవై, మూడు. యాభై ఆరు.

హాస్టల్లో ఉందని మాస్టారు నమ్మిన అన్నకూతురు గుమ్మంలోకి వచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల. అతన్ని చూసి, "బా..." అనబోయింది. వదిన చెంప ఛెళ్ళుమనిపించింది. "మాస్టారికి నమస్కారం పెట్టాలని తెలీదూ!"

పిల్ల ఏడుస్తూ చేతులు జోడించింది. తను ఎంత జాగ్రత్తగా కొలిచి తగ్గించాడో, అది సరిగ్గా ఈ పిల్లకి సరిపోయింది. దేవుడు కూడా ఇలాగే లెక్కలు చేస్తాడా అనిపించింది మాస్టారికి.

"పైన చలేస్తుంది, నా కోటు వెయ్యనివ్వండి," అంది వదిన.

తక్కెడ కోటు తూచాడు. కిలో. "యాభై ఏడు. వెయ్యి."

"బొత్తాలు మీరు పెట్టండి మాస్టారూ. నా చేతులు వణుకుతున్నాయి."

ఆ చేతులు వణకడం లేదు. ఆవిడ పిల్లని తొట్టె అంచుకి చేర్చి, తక్కెడకి అడ్డంగా నిలబడింది. మాస్టారు మోకాళ్ళమీద కూర్చుని, ఒక చేత్తో బొత్తాలు పెడుతూ, రెండో చేత్తో తడి జింక్ తీసి కోటు జేబుల్లో కుక్కాడు. మిగిలిన యాసిడ్ అరచేయి కొరుకుతోంది. రెండు కిలోలు చాలు. మూడోసారి కూడా చెయ్యి ముంచాడు.

పిల్లని కట్టారు. ఫిల్మ్ పెట్టె కట్టారు. తాడు కోశారు.

బెలూన్ మూలిగింది. లేవలేదు. గాలి దాన్ని కంచెవైపు లాక్కుపోతుంటే పిల్ల కాళ్ళు మట్టిలో గీసుకుంటూ పోయాయి. చిరిగిన జేబులోంచి బూడిదరంగు ముక్కలు దారంతా రాలాయి.

తక్కెడ ఆ ముక్కల్ని చూశాడు. "కోటు వేసిందెవరు?"

మాస్టారు నోరు తెరిచాడు.

"నేనే వేశాను," అంది వదిన. "ఎవరి మనిషినని అందరూ అడిగారుగా."

జడ కోసిన బాకే ఆవిడ గుండెల్లో దిగింది. అప్పుడు మోగింది సైరన్. గోడలమీంచి పెద్దాయన మనుషులు దూకేసరికి బెలూన్ కంచెకి నాలుగడుగులు ఇవతల, ముళ్ళపొదలో చిక్కుకుని ఉంది. పిల్ల బతికే ఉంది. పెట్టె మూత తెరుచుకోలేదు.

సాయంత్రం పెద్దాయన ఫైలు ముందుపెట్టుకుని కలం తీశారు. "నలభై ఇద్దరూ క్షేమం. శభాష్. ఇంతకీ ఆవిడ ఎవరి మనిషంటావు? మన మనిషా, వాళ్ళ మనిషా?"

మాస్టారు కట్టు కట్టిన చేత్తో, తల్లి కోటు కప్పుకుని నిద్రపోతున్న పిల్లని చూపించాడు. "ఈ పిల్ల తల్లి."

పెద్దాయన ఫారమంతా పైనుంచి కిందికి వెతికారు.

"ఆ గడి లేదయ్యా," అన్నారు.