వాచీ ఎవరి చేతికి ఆగింది?

సోమవారం ఉదయం 10.20. శామీర్‌పేట పోలీస్ స్టేషన్.

చక్రపాణి గారి వాచీ చోరీ అయింది. విచిత్రమేమిటంటే, అది ఆయన చేతికే ఉంది!

"లోపలి మిషన్ కొట్టేశాడమ్మా. పైన డొల్ల ఒక్కటే నాది."

ఎస్సై అనూహ్య పెన్ను కింద పెట్టింది. వారం మొదట్లోనే ఇలాంటి కేసు తగలాలా!

ఆయన రిటైరైన తెలుగు లెక్చరర్. భీమవరం మనిషి. తూంకుంటలో కొత్త లేఅవుట్‌లో ఒక్కడే ఉంటాడు. అది స్విస్ వాచీ. ఇరవయ్యో పెళ్లిరోజుకి భార్య జానకీదేవి కొనిచ్చింది. ఎనిమిది నెలల కిందట ఆవిడ పోయింది. ఆ తర్వాతే వాచీ ఆగడం మొదలైంది.

"షోరూమ్‌లో చూపించారా?"

"పాతదైపోయింది, ఇచ్చేసి కొత్తది తీసుకోమన్నారు. మనసొప్పక బస్టాపు దగ్గర వాచీలు బాగుచేసే శామ్యూల్‌కి రిపేరుకిచ్చాను. పది రోజులు ఉంచుకున్నాడు. తెచ్చుకున్న మూడో రోజే ఆగింది. ఊపితే నడిచి, మళ్లీ ఆగింది. ఇప్పటికి మూడుసార్లు."

"ఇప్పుడు మీకేం కావాలి?"

"లోపల ఉన్నది జానకి ఇచ్చిన మిషనేనా, కాదా? అదే అయితే ఎన్నిసార్లయినా రిపేరు చేయిస్తాను. కాకపోతే ఈ డొల్ల నాకెందుకమ్మా?"

ఆయన ఫోన్ తీసి యూట్యూబ్ వీడియో ఒకటి చూపించాడు. మేడ్చల్‌లో శామ్యూల్ వెళ్లే చర్చి. ఆదివారం ఆరాధన. శామ్యూల్ ఊగిపోతూ డోలక్ వాయిస్తున్నాడు. చేతికి ఈ వాచీ!

అనూహ్య పిలిపిస్తే 11.40కి శామ్యూల్ వచ్చాడు. షర్టంతా చెమట.

"కస్టమర్ వాచీ చేతికి పెట్టుకున్నావా?"

"పెట్టుకున్న మేడం."

"ఎందుకు?"

"నూనె వేసినంక వారం రోజులు చేతికి పెట్టుకొనే చూస్త. గట్లయితేనే ఎట్ల నడుస్తాందో ఎరుకైతది. మా ఉస్తాద్ నేర్పిన పని గది."

"మిషన్ మార్చావా?"

"దేవుని తోడు, మార్చలే! మూత తీసి, మిషన్ ఇప్పే ముందు ఫోటో తీసిన. జర చూడుండ్రి."

అనూహ్య ఫోటో చూసింది. చక్రపాణి గారి వైపు చెయ్యి చాపింది.

"వాచీ బుధవారం దాకా నా దగ్గరుంచండి, మాస్టారూ."

ఆయనకి దాన్ని చేతి నుంచి విప్పడానికి చాలాసేపు పట్టింది.

బుధవారం సాయంత్రం 4.00. శామ్యూల్ దుకాణం.

శామ్యూల్ వాచీ వెనక మూత తీశాడు. అనూహ్య ఫోటో పక్కన పెట్టి భూతద్దంలో చూపించింది. పాత మెకానిక్ ఎవరో లోపల గీసిన గుర్తు. రెండింట్లోనూ ఒకటే.

"మిషన్ మీదే. మీ ఆవిడ ఇచ్చిందే."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "మరి ఎందుకాగుతోంది?"

"శామ్యూల్ చేతికి ఆగలేదు. రెండు రోజులు నేను పెట్టుకున్నాను, నాకూ ఆగలేదు. మీ చేతికే ఆగుతోంది. మీరు రోజంతా ఏం చేస్తారు?"

"ఏముందీ... కుర్చీలో కూర్చుంటాను."

"ఇదివరకు?"

"ఇద్దరం పొద్దునా సాయంత్రం చెరువు దాకా నడిచేవాళ్లం."

"రిపేరయ్యాక?"

"దీనికి దెబ్బ తగులుతుందేమోనని ఈ చెయ్యి అసలు కదపలేదు."

అయ్యో రామా! శామ్యూల్ నెత్తి పట్టుకున్నాడు.

"గిది ఆటోమేటిక్ సార్! సెల్ ఉండదు. చెయ్యి కదిలితేనే లోపల కీ తిరుగుతది. గిన్నేండ్లు పెట్టుకున్నరు గద, మీకు ఎరుకేననుకున్న. రిపేరూ వద్దు, కొత్తదీ వద్దు. వాచీ మస్తుగుంది."

వాచీ బాగానే ఉంది. ఆయనే బాగా లేడు. ఆ సంగతి ముగ్గురికీ తెలిసింది.

"నిన్ను దొంగన్నాను. క్షమించు శామ్యూల్," అన్నాడు చివరికి.

"జానే దో సార్. చాయ్ తాగుండ్రి."

అనూహ్య లేచింది. "పిటిషన్ క్లోజ్ చేసేస్తాను, మాస్టారూ."

ఆయన చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు.

"అయితే... రేపు స్టేషన్‌కి రావక్కర్లేదా అమ్మా?"

అనూహ్య డ్యూటీలో అబద్ధమాడే అలవాటు లేని మనిషి.

"రావాలి. సంతకం ఒకటి మిగిలింది."

"ఎన్నింటికి?"

"పదింటికి. వాచీ పెట్టుకుని రండి. ఆటో మాత్రం ఎక్కకండి."