ఇద్దరా, ముగ్గురా

శనివారం పొద్దున్నే ఎల్విరా పెనం మీద టోర్టియా రొట్టెలు కాలుస్తోంది. ఎడారి ఊరు ఎల్ పాసోలో జూన్ ఎండ కాఫీ కంటే ముందే వంటింట్లోకి వచ్చేస్తుంది. ఇంటి కప్పు మీది కూలర్ గుడగుడమని నీళ్ళు తాగుతోందే తప్ప చల్లగాలి ఇవ్వడం లేదు. ఊళ్ళో అందరి కూలర్లూ బాగుచేసే ఆమె పెద్ద కొడుకు ఎఫ్రేన్‌కి సొంత ఇంటి కప్పు ఎక్కే తీరిక మాత్రం దొరకదు.

కోడలు మారిసేలా బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. ఆసుపత్రి ఎమర్జెన్సీలో సహాయకురాలిగా రాత్రి డ్యూటీ చేసి వచ్చింది, ఇంకా బట్టలైనా మార్చుకోలేదు. తెర మీద మెడికల్ కాలేజీ దరఖాస్తు తెరిచి ఉంది. నిరుడు కూడా పంపింది. ఒక్క కాలేజీ ఇంటర్వ్యూకి పిలవలేదు. ఈసారి కూడా పిలవకపోతే ఇక ఆ ఆశ వదులుకోవాల్సిందేనని ఆమే అనుకుంది.

"యూనివర్సిటీలో సలహాలిచ్చే ఆవిడ ఏమంది?" గుడ్డు టోర్టియాలో చుట్టుకుంటూ అడిగాడు ఎఫ్రేన్.

"ఆసుపత్రి పని గురించి బాగానే రాశావంది. సైన్యంలో ఉన్నప్పటి గురించి రాసింది మాత్రం ట్రక్కు రిపేరు రిపోర్టులా ఉందంట. 'ఇందులో నువ్వెక్కడున్నావమ్మా' అని అడిగింది."

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. సైన్యం నుంచి వచ్చినవాళ్ళ రాతలో 'నేను' అనే మాట దీపం పెట్టి వెతికినా కనిపించదు. 'దళం స్పందించింది', 'చికిత్స అందించబడింది' అని రాయడమే అక్కడి మర్యాద. కాలేజీ వాళ్ళకి ఆ మర్యాద అక్కర్లేదు. నువ్వేం చేశావు, అప్పుడు నీ లోపల ఏం జరిగింది, అది చెప్పమంటారు. అఫ్ఘనిస్తాన్‌లో వైద్య సైనికురాలిగా తిరిగిన కాలాన్నంతా మారిసేలా నాలుగు పొడి వాక్యాల్లో ముగించేసింది. అదంతా మర్యాద కోసమే అనుకున్నారు ఇంట్లోవాళ్ళు.

"బెటో సంగతి రాయొచ్చుగా," అంది ఎల్విరా వెనక్కి తిరక్కుండానే. "చివరిదాకా వాడి చెయ్యి పట్టుకునే కూర్చున్నావు కదా. అది చదివి ఏడవనివాడు డాక్టరు ఎలా అవుతాడు?"

మారిసేలా తెర మీది ఆ నాలుగు వాక్యాలనే పైకీ కిందికీ జరుపుతూ కూర్చుంది.

బెటో ఎల్విరా చిన్న కొడుకు. మారిసేలా ఉన్న దళంలోనే ట్రక్కు నడిపేవాడు, రోడ్డు పక్కన పాతిన బాంబుకి పోయాడు. ఆ కబురు మోసుకొచ్చిన అధికారి, తల్లి మొహం చూడలేకో ఏమో, "మా వైద్య సైనికురాలు మారిసేలా చివరి క్షణం వరకూ పక్కనే ఉందమ్మా" అని చెప్పి వెళ్ళాడు. తర్వాత మారిసేలా పలకరించడానికి ఈ ఇంటికొచ్చింది. నిజం చెప్పి వెళ్ళిపోదామనే వచ్చింది. ఎల్విరా తలుపు తీసి, పేరు వినగానే గట్టిగా వాటేసుకుంది. అంత గట్టిగా పట్టుకుంటే ఎవరికి నోరు పెగులుతుంది? మళ్ళీ రమ్మన్నారు, వచ్చింది. ఎఫ్రేన్ పరిచయమయ్యాడు, పెళ్ళయింది. అబద్ధం ఆమెతో పాటే కాపురానికొచ్చింది.

ఎఫ్రేన్ లేచి గోడ మీద ఫ్రేములో ఉన్న, సైన్యం మారిసేలాకిచ్చిన పతకం తాలూకు కాగితం తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇదిగో. 'కాల్పుల మధ్య ముగ్గురు క్షతగాత్రులకు చికిత్స చేసి' అని సర్కారే రాసింది. ఉన్నది ఉన్నట్టు ఎక్కించెయ్. నీకేం కష్టం?"

"ఇది రాసిన లెఫ్టినెంట్ ఆ రోజు అక్కడ లేడు, ఎఫ్రేన్."

"ఎవరి కాగితం మాత్రం అక్కడున్నవాడు రాస్తాడు? గోరంతను కొండంత చేసి రాస్తారు, అందరికీ తెలిసిందే. నువ్వు కొండ మీద కూర్చుని కూడా గోరంతే రాస్తానంటావు. నీ వినయం నిరుడు చూశాం. ఒక్క ఉత్తరం ముక్క రాలేదు."

"వినయం కాదు."

"మరేంటి? తమ్ముడి పేరు వాడుకున్నట్టవుతుందనా? అమ్మే వాడుకోమంటోంది. ఇంకెవరి అనుమతి కావాలి నీకు?"

"అరవకురా," అంది ఎల్విరా. "రాత్రంతా పని చేసొచ్చింది. ఏమ్మా, రాయడానికి బాధగా ఉంటే నువ్వు చెప్పు, వాడు టైపు చేస్తాడు. చెయ్యి పట్టుకున్న సంగతి ఒక్కటి చాలు."

కక్కలేక మింగలేక ఇన్నేళ్ళు గడిపిన మనిషికి ఆ మంచితనమే భరించరానిదైంది. ఎఫ్రేన్ అరిచినంతసేపూ ఆమెకు ధైర్యంగానే ఉంది.

"ఇద్దరికే," అంది మారిసేలా.

"ఇద్దరేంటి?"

"నేను చికిత్స చేసింది ఇద్దరికే. ముగ్గురు పడ్డారు. బెటోకి చెయ్యలేదు."

పెనం మీద టోర్టియా మాడుతున్న వాసన వచ్చింది. ఎల్విరా పొయ్యి కట్టేసింది. ఎఫ్రేన్ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"ముందు వాడి దగ్గరికే వెళ్ళాను, అత్తయ్యా. చూశాను. నడుము కింద ఏమీ మిగల్లేదు. మాకు మొదటి రోజు నేర్పేదే అది. బతకడనుకున్నవాణ్ణి వదిలి బతికేవాళ్ళ దగ్గరికి పొమ్మంటారు. అలాగే పోయాను. ఒకడికి తొడ నుంచి రక్తం చిమ్ముతోంది, ఇంకొకడికి ఊపిరి ఆడటం లేదు. వాళ్ళ పని అయ్యేసరికి బెటో పోయాడు. నేను చెయ్యి పట్టుకోలేదు. ఎవరూ పట్టుకోలేదు."

"వాడికి తెలివి ఉందా అప్పుడు?" అడిగాడు ఎఫ్రేన్.

"ఉంది. పిలిచాడు."

"పిలిస్తే?"

"వెళ్ళలేదు."

ఎఫ్రేన్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "వెళ్ళుంటే బతికేవాడా?"

"లేదు. ఇప్పుడు ఆసుపత్రిలో అలాంటివి చూస్తున్నాను, బతికేవాడు కాదు. కానీ ఆ రోజు నాకంత తెలీదు. తెలిసినదాన్లా నడిచి వెళ్ళిపోయాను."

"ఇన్నేళ్ళు మా అమ్మ చేతి కూడు తిని," అని మొదలుపెట్టి ఆగిపోయాడు ఎఫ్రేన్. ఆ మాట ఎటు పోతుందో తనకే భయమేసింది. గోడవైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి.

ఎల్విరా ఏడవలేదు. తిట్టలేదు. ఆ ముసలావిడ మొహంలోకి చూసే ధైర్యం కోడలికి లేదు. కొడుకు ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని పోయాడన్న ఒక్క మాటతో ఆమె రాత్రులు నిద్రపోయింది. ఆ మాట ఇప్పుడు లేదు. కన్నతల్లి దగ్గర అంతకంటే పెద్ద దొంగతనం ఏముంటుంది అనిపించింది మారిసేలాకి.

"నొప్పి పడ్డాడా?" అడిగింది ఎల్విరా.

"నొప్పి తెలియకుండా సూది పొడిచే వెళ్ళాను. అది పనిచేసేంత టైము ఉందో లేదో తెలీదు అత్తయ్యా. అబద్ధం చెప్పలేను."

ఎల్విరా తల ఊపింది. పొయ్యి పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"ఇక్కడ బెటో ఉన్నాడనుకో. నువ్వెక్కడున్నావు?"

"అమ్మా, వద్దు," అన్నాడు ఎఫ్రేన్.

"నువ్వు నోరుమూసుకో. అమ్మాయ్, లేచి చూపించు. ఎంత దూరం పోయావు నువ్వు?"

మారిసేలా లేచింది. బల్ల దాటి, ఫ్రిజ్ దాటి, పెరటి తలుపు దగ్గరికి వెళ్ళి ఆగింది. ఆ రోజులాగే నేల మీద మోకాళ్ళూని కూర్చుంది.

"అంతేనా?" అంది ఎల్విరా. "నేనేదో కొండ అవతల అనుకున్నా."

"అంతే."

"మొహం ఎటు?"

"ఇటే. మీవైపే. వాళ్ళిద్దరి గాయాలు నాకు కనబడాలంటే ఇటే కూర్చోవాలి."

"అయితే వాడికి నువ్వు కనిపిస్తూనే ఉన్నావు."

"ఉన్నాను."

"నువ్వు వాణ్ణి చూశావా?"

"ఒక్కసారి కూడా తలెత్తలేదు. ఎత్తితే లేచి వచ్చేస్తానని భయం. వస్తే వాళ్ళిద్దరూ పోతారు." ఇప్పుడు తలెత్తి చూసింది. "వాళ్ళు బతికే ఉన్నారు అత్తయ్యా. ఇద్దరూ."

అప్పుడు ఏడ్చింది ఎల్విరా. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, నోరు తెరిచి, కబురొచ్చిన రోజున ఏడ్చినట్టు ఏడ్చింది. ఎఫ్రేన్ వచ్చి కుర్చీ పక్కన కూలబడి తల్లి మోకాలి మీద తల పెట్టాడు. మారిసేలా పెరటి తలుపు దగ్గరే మోకాళ్ళ మీద ఉండిపోయింది. తనకు వాళ్ళ దగ్గరకు వెళ్ళే హక్కు లేదనుకుంది.

చాలాసేపటికి ఎల్విరా మొహం తుడుచుకుంది.

"ఇద్దరనే రాయి," అంది. "మూడోవాడి పేరు కూడా రాయి. వాణ్ణి దాటి వెళ్ళావని రాయి. వాళ్ళకి నచ్చితే పిలుస్తారు, లేకపోతే లేదు."

"అత్తయ్యా, నన్ను..."

"క్షమించమని అడక్కు, క్షమించగలనో లేదో నాకింకా తెలీదు. ఆ ఒకడి రక్తం ఆగిందా, ఇంకొకడికి ఊపిరి ఆడిందా?"

"ఆగింది. ఆడింది."

"అయితే ఇక్కడికి రా," అంది ఎల్విరా, పక్కనున్న కుర్చీ చూపిస్తూ. "పని అయిపోయింది కదా. ఇప్పుడు లేచి రావచ్చు."

మారిసేలా లేవలేదు. మోకాళ్ళ మీదే నేల మీద పాక్కుంటూ, ఫ్రిజ్ దాటి, బల్ల దాటి ఆ కుర్చీ దగ్గరికి వచ్చింది.