దవడలో గుంతలు

పగిలిన పెదవిని కొంగుతో అదుముకుంటూ సోని జనగామలో డిటెక్టివ్ చంద్రమోహన్ ఆఫీసు మెట్లెక్కింది. సహాయకురాలు కళ్యాణి పరుగున వెళ్ళి పట్టుకోకపోతే గడపలోనే కూలబడేది.

"హన్మంత్ దొర మనుషులు కొట్టిన్రు సారూ! నా మొగడు మాన్‌సింగ్‌ను జైల్ల వెట్టిన్రు. జర కాపాడున్రి!"

వారం కింద కొత్తగూడ అడవిలో ఒక శవం దొరికింది. గొడ్డలితో ముఖం నుజ్జు చేసి, పెట్రోలు పోసి తగలబెట్టారు. పక్కనే మాన్‌సింగ్ గొడ్డలి. శవం వేలికి టేకుమట్ల భూస్వామి హన్మంత్ ఉంగరం. కింది దవడలో ఒక్క పన్నూ లేదు. పదేళ్ళ కింద ట్రాక్టర్ బోల్తాపడి హన్మంత్ కింది పళ్ళన్నీ పోయిన సంగతి ఊరంతటికీ తెలుసు. ఇంకేం కావాలి? శవం మార్చురీలో ఉండగానే పోలీసులు చేతులు దులుపుకున్నారు. డీఎన్ఏ రిపోర్టు నెలల మాట.

"హన్మంత్ మీదున్న పాత హత్య కేసుల నా మొగడే సాక్షి సారూ. తీర్పు ఈ వారమే ఉండె."

"నిందితుడు సాక్షిని చంపుతడు గని, సాక్షి నిందితుణ్ణి చంపుడేంది?" అన్నాడు చంద్రమోహన్, చెప్పులు తొడుక్కుంటూ.

టేకుమట్లలో హన్మంత్ భార్య సరోజన ఏడుస్తూనే జవాబులు చెప్పింది. ఏడుపు మధ్యలో వక్కను పటుక్కున కొరికింది కూడా. పెరట్లో పనిమనిషి బాలనర్సమ్మ రోట్లో రోకలితో దంచుతుంటే కళ్యాణి పక్కన కూర్చుంది.

"ఏం దంచుతున్నవవ్వా?"

"యాటమాంసం కూర బిడ్డా. దొరసానికి పన్ను నొప్పట, పిండి లెక్క మెత్తగ కావాల్నట."

"పిల్లలెందరు?"

"ఒక్కడే, రవి. పది దినాల కింద దొరే భూపాలపల్లిల బొగ్గుబాయి పనికి తోలిండు. అప్పటిసంది ఫోన్ లేదు, పరేషాన్‌గున్నది."

తిరుగుదారిలో జనగామ పళ్ళ డాక్టరు దగ్గర ఆగారు. ఎన్నికల పోస్టర్ మీద నిండుగా నవ్వాలని, రెండు నెలల కింద హన్మంత్ ఎముకలోకి స్క్రూ దించి బిగించే పళ్ళ కోసం అక్కడికి వచ్చాడట. డాక్టరు త్రీడీ స్కాన్ తెరిచి, దవడను కంప్యూటర్‌లో అటూ ఇటూ తిప్పి చూపించాడు.

"పన్ను పోయిన్నంక కింది ఎముక ఏండ్లకేండ్లు కరిగిపోతది. చూడున్రి, గింత పల్చన. స్క్రూ దిగేటందుకు జాగ లేదు, చెయ్యనని చెప్పిన."

చంద్రమోహన్ ఆ తెర పక్కనే పోలీసు ఫైల్లోని శవం దవడ ఫోటో పెట్టాడు. కళ్యాణి ఒక్కసారి చూసి, ఎస్సైకి ఫోన్ చెయ్యడానికి బయటికి పరుగెత్తింది.

మర్నాడు ఉదయం సరోజన ఇంటి వాకిట్లో అందరూ చేరారు. ఎస్సై, సోని, రోకలి చేతిలో ఉండగానే వచ్చిన బాలనర్సమ్మ.

"స్కాన్‌ల హన్మంత్ దవడ బద్ద లెక్క అరిగి ఉన్నది," అన్నాడు చంద్రమోహన్. "శవం దవడ మందంగున్నది, వరుసగ గుంతలున్నయ్. ఎవడో పడుచోని పళ్ళు కటింగ్ ప్లేయర్‌తో అప్పుడే పీకిన్రు. పన్ను పీకితే పోతది, గుంత జల్ది పోదు. శిక్ష తప్పించుకొని, సాక్షిని ఉరికెక్కియ్యాలని హన్మంతే చేసిన పని గిది."

సరోజన వక్క నమలడం ఆపింది.

"వక్క కొరికేటామెకు పన్ను నొప్పేంది? మెత్తటి కూర ఎవరికమ్మా?"

ఆమె కళ్ళు పత్తి కొట్టం వైపు పోయి వచ్చాయి. అంతే! పోలీసులు పత్తి బేళ్ళు లాగేస్తే వెనక నుంచి హన్మంత్ బయటపడ్డాడు, గడ్డానికి కూర అంటుకుని.

"మరి చచ్చింది ఎవడు?" అన్నాడు ఎస్సై.

బాలనర్సమ్మ హన్మంత్ గడ్డం వైపు చూసింది, తన చేతుల వైపు చూసుకుంది.

"నా రవిగాన్ని చంపినవా? నా కొడుకును చంపినోనికి నేనే దంచి పెట్టిన్నా?"

రోకలి లేచింది. ఎముక విరిగిన చప్పుడు వాకిలంతా వినిపించింది. డాక్టరు చెప్పిన ఆ పల్చటి దవడ రెండు ముక్కలైంది. హన్మంత్ నెత్తురు కక్కుతూ బొర్లాపడ్డాడు. రెండో దెబ్బ పడకుండా ఎస్సై ఆపాడు. అందరికంటే దగ్గరగా నిలబడ్డ చంద్రమోహన్ కదల్లేదని కళ్యాణి గమనించింది. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

నాలుగో రోజు మాన్‌సింగ్ జైలు గేటు దాటి వచ్చాడు. సోని భర్తను పట్టుకుని కరువుతీరా ఏడ్చింది. కళ్యాణి ఆటోను వాళ్ళ తండా వైపు తిప్పమంటే సోని తల అడ్డంగా ఊపింది.

"ముందుగాల మార్చురీకి పోదాం అక్కా. బాలనర్సమ్మ అవ్వ ఒక్కతే కూసున్నది. ఆ పోరనికి కొరివి పెట్టేటోడు లేడు. నా మొగడు పెడ్తడు."