లోహపతి అన్న మాట

శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నరకల్లా కామేశం గారు సంధ్యావందనం, కాఫీ, పేపరు అన్నీ ముగించుకుని టీవీ ముందు పడక్కుర్చీలో చేరిపోయారు. కింద చాప మీద మనవరాలు లాస్య. వేసవి సెలవులు కాబట్టి తొమ్మిదేళ్ళ పిల్లని అడిగేవాళ్ళు లేరు. డెబ్బై ఏళ్ళ తాతగారిని అడిగేవాళ్ళు ఎప్పుడూ లేరు.

"తాతయ్యా, మాట్లాడకూడదు. మొదలైపోయింది," అంది లాస్య.

ఆకివీడు హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరైన మాష్టారికి ఈ గ్రహాంతర కథల పిచ్చేమిటని ఏలూరు పవర్‌పేటలో చాలామంది ముసిముసిగా నవ్వుకుంటారు. ఆయన మాత్రం సిగ్గుపడరు. ఎగిరే మనుషులు, మాయమయ్యే ఓడలు, కాలంలో వెనక్కి వెళ్ళే యంత్రాలు, ఏది వచ్చినా చూడాల్సిందే. అయితే ఆయనకో కొలత ఉంది. "శక్తులు ఎవడికైనా వస్తాయండీ. వచ్చినవాడు ఇంట్లోవాళ్ళతో ఎలా ఉన్నాడో చూపిస్తే అది చూడదగ్గ కథ. లేకపోతే ఉత్త మేడలు కూల్చడమే," అంటారు. ఎదురింటి శ్యామ్ సుందర్ గారు ప్రతి శనివారం గేటు దగ్గర ఆగి, "మాష్టారూ, ఈ వారం పిల్లలకి ఏది పెట్టమంటారు?" అని అడిగి మరీ వెళ్తారు.

ఈ మధ్య ఆయన గర్వానికి ఇంకో కారణం కూడా దొరికింది. కోడలు సంహిత ఇంట్లోనే కూర్చుని విదేశీ సిరీస్‌లకి తెలుగు డబ్బింగ్ మాటలు రాస్తోంది. ఇప్పుడు నడుస్తున్న 'నీలి ధూళి' ఆమె రాసిందే. అందులో ఉక్కు ముసుగు వేసుకుని ఓ గ్రహాన్ని ఏలే దుర్మార్గుడికి లోహపతి అని పేరు పెట్టిచ్చింది సాక్షాత్తూ కామేశం గారే. ఆ సంగతి వీధిలో తెలియనివాళ్ళు లేరు.

ఇంత కబుర్ల మనిషీ కూతురు పద్మప్రియ పేరు వస్తే మాత్రం మొహం ముడుచుకుంటారు. నాలుగేళ్ళ క్రితం ఆ పిల్ల తనతోపాటు పనిచేసే రూబెన్ అనే టీచర్‌ని పెళ్ళి చేసుకుంటానని చెప్పి ఇల్లు విడిచి వెళ్ళింది. ఉండేది తాడేపల్లిగూడెంలోనే. బస్సెక్కితే ఎంతో దూరం లేదు. అయినా ఇటు రాలేదు, అటు వీళ్ళు వెళ్ళలేదు. ఎవరైనా కదిపితే కామేశం గారు ఒకే మాట చెబుతారు. "నీ ఇష్టం తల్లీ అన్నాను. వెళ్ళింది. నేనేం తలుపులు మూశానా? రావలసింది అది."

టీవీలో లోహపతి కొలువు. అతని కూతురు శత్రుగ్రహం పైలట్‌ని పెళ్ళాడతానని తండ్రి ముందు నిలబడింది. ఉక్కు ముసుగులోంచి గొంతు గరగరలాడుతూ వచ్చింది.

"వెళ్ళు. నువ్వు పోయావని కబురొస్తే, ఓ చెంబుడు నీళ్ళు నెత్తిన పోసుకుని వచ్చి అన్నానికి కూర్చుంటాను. అంతకు మించి నీకోసం ఏమీ చెయ్యను."

"తాతయ్యా, లోహపతి ఒళ్ళంతా ఇనుమే కదా! నీళ్ళు పోసుకుంటే తుప్పు పట్టదూ?" అంది లాస్య.

కామేశం గారు నవ్వలేదు. కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నారు. "ఛీ ఛీ! ఏం తండ్రే వీడు! కూతురు బతికుండగానే చావు స్నానం గురించి మాట్లాడతాడా? నోరెలా వచ్చిందీ?" అని, గది గుమ్మంలో నిలబడిన కోడలివైపు తిరిగారు. "అమ్మాయ్, బాగా రాశావు. ఇన్నాళ్ళూ వాడి మీద కాస్త జాలి ఉండేది నాకు. ఈ ఒక్క మాటతో పోయింది. ఎక్కడ దొరికిందమ్మా నీకింత విషం?"

సంహిత మొహం పాలిపోయింది.

వంటింట్లో వంకాయలు తరుగుతున్న మంగతాయారు గారు కత్తిపీట పక్కకి వాల్చి లేచి వచ్చారు. నలభై ఐదేళ్ళ కాపురంలో ఆవిడ భర్తకి ఎదురు చెప్పిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు.

"ఇంకెక్కడ దొరుకుతుందండీ? ఆ మాటలు మీవే," అన్నారు.

"నావా?"

"ఆ రోజు మీరు పద్మని అన్న మాటలే. అక్షరం తేడా లేదు."

కామేశం గారు భార్యని, కోడల్ని మార్చి మార్చి చూశారు. "మతి పోయిందా నీకు? నీ ఇష్టం తల్లీ అని పంపించాను నేను!"

"ఆ మాట మీరు తరవాత వీధిలో వాళ్ళకి చెప్పుకున్నారండీ. దానితో అనలేదు."

లాస్య తనంతట తనే రిమోట్ అందుకుని టీవీ కట్టేసింది.

"లాస్యా, నువ్వు లోపలికెళ్ళు," అన్నారు కామేశం గారు. పిల్ల వెళ్ళాక ఆయన గొంతు పెరిగింది. "ఏమ్మా సంహితా! నీ ఉద్యోగానికి అడ్డుపడ్డానా నేను? నా కోడలు, నా కోడలు అని ఊరంతా చెప్పుకున్నానే! నన్ను రాక్షసుణ్ణి చేసి రాష్ట్రమంతా చూపిస్తావా?"

"రాష్ట్రంలో ఎవరికీ తెలీదు మావయ్యగారూ. తెలిసేది మన ఇంట్లోవాళ్ళకే."

"అంటే కావాలనే రాశావన్నమాట!"

సంహితకి కన్నీళ్ళు ఆగలేదు. కానీ మాట తడబడలేదు. "అసలు సిరీస్‌లో అక్కడ 'అయితే వెళ్ళు' అని మాత్రమే ఉందండీ. ముసుగు ఉంది కాబట్టి పెదాలు కనపడవు, ఎంతైనా రాసుకోవచ్చు. కూతురు మళ్ళీ వెనక్కి తిరిగి చూడకుండా చెయ్యాలంటే తండ్రి ఏమనాలి అని రెండు రోజులు ఆలోచించాను. నాకు ఇంకేం తోచలేదు. ఆ రోజు నేను ఈ గుమ్మంలోనే నిలబడి ఉన్నాను, లాస్యని ఎత్తుకుని. మీరు గుర్తుపడతారేమో, నన్ను తిడతారేమో అని వారం నుంచీ భయపడుతున్నాను. ఇందాక మీరు గుర్తుపట్టలేదు చూడండి, అప్పుడు ఇంకా భయం వేసింది."

"నేననని మాట ఎలా గుర్తుపడతాను!" అని అరిచారాయన. "రేపట్నుంచి ఈ రాతలు నా ఇంట్లో వద్దు. అంతే."

సాయంత్రం కొడుకు దత్తసాయి ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే పిలిచారు. తన పక్షాన ఒక్క సాక్షైనా ఉంటాడని ఆయన ఆశ. దత్తసాయి తల వంచుకుని, "నేనూ విన్నాను నాన్నగారూ. చెల్లాయి పెట్టె ఆటోలో పెడుతున్నాను అప్పుడు," అన్నాడు. ఆయన చొక్కా వేసుకుని కాలవ గట్టు దాకా వెళ్ళి, చీకటి పడకుండానే తిరిగొచ్చారు.

తరవాత నాలుగు రోజులు ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడుకోలేదు. సంహిత మావగారి మాట కాదనలేక, ఒప్పుకున్న పని మానలేక, తలుపు దగ్గరగా వేసుకుని భయం భయంగా రాస్తోంది. కామేశం గారికి అన్నం సయించడం లేదు. అందరూ ఏకమై అబద్ధం చెబుతున్నారని ఒక పూట అనుకుంటారు. ఇంతమందికి గుర్తున్నది తనకెందుకు గుర్తులేదని ఇంకో పూట కుమిలిపోతారు. సోమవారం మధ్యాహ్నం లాస్య తల్లి దగ్గరికి వచ్చి చెవిలో చెప్పింది. "అమ్మా, తాతయ్య సౌండు తగ్గించి ఆ ఒక్క సీనే మళ్ళీ మళ్ళీ చూస్తున్నారు. ఏడుసార్లు."

మంగళవారం పొద్దున్న ఆయనే వచ్చి సంహిత బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. తిడతారనుకుని ఆమె గభాల్న లేచి నిలబడింది.

"కూర్చో. వాడు చివరికి ఏమవుతాడు?"

"లోహపతా అండీ? ఆఖరి భాగంలో కూతురి దగ్గరికి వెళ్తాడు. ముసుగు తీసేసి క్షమించమంటాడు."

"ఏమని అంటాడు?"

"అదే రాయలేక చస్తున్నానండీ. రేపు పంపించెయ్యాలి. ఇక్కడ పెదాలు కనిపిస్తాయి. మూడు సెకన్లే కదులుతాయి. అందులో ఇమడాలి." సంహిత కాస్త ఆగి, ధైర్యం తెచ్చుకుంది. "పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకోవడం ఈ ఇంట్లో నేనెప్పుడూ వినలేదు మావయ్యగారూ. మా పుట్టింట్లోనూ వినలేదు."

కామేశం గారు తెర మీద ఆగిపోయి ఉన్న ముసలి మొహాన్ని చాలాసేపు చూశారు. ముసుగు లేకపోతే లోహపతి మామూలు మనిషే. కళ్ళ కింద సంచులు, వణికే గడ్డం.

"రాసుకో. 'తల్లీ, అజ్ఞానాంధకారంలో పడి నీ సుకుమార హృదయాన్ని గాయపరిచిన ఈ తండ్రిని...'"

"లోహపతి నోరు మూసేశాడండీ."

"అప్పుడేనా? సరే. 'పరిస్థితుల వల్ల, నలుగురి మాటకి భయపడి, ఆ రోజు నేను...'"

సంహిత ఆ ముక్క మళ్ళీ నడిపి చూపించింది. "'నలుగురి మాటకి' దగ్గరే అయిపోయిందండీ."

"'కోపంలో ఏదో అన్నానమ్మా, మనసులో పెట్టుకోకు.'"

"ఇదీ పట్టదండీ."

ఆయన ఒక్కొక్క మాటే తీసేస్తూ వచ్చారు. పరిస్థితులు పోయాయి, కోపం పోయింది, నలుగురూ పోయారు. చివరికి గొంతు సవరించుకుని, "తప్పు నాదమ్మా," అన్నారు.

సంహిత ఆ ముక్క మళ్ళీ నడిపింది. సరిగ్గా సరిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఇది ఎప్పుడొస్తుంది టీవీలో?"

"ఇంకో పది రోజులకండీ."

"పద్మ చూస్తోందా ఇది?"

"చూస్తోందండీ. మొన్నటి భాగం చూసి నాకు ఫోన్ చేసింది. ఏమీ మాట్లాడలేదు. ఏడ్చి పెట్టేసింది."

కామేశం గారు లేచి నిలబడ్డారు. "అయితే వాడికంటే ముందు నేను వెళ్ళాలి. నువ్వు తోడు రామ్మా."

మంగతాయారు గారు రానన్నారు. "నేనొస్తే అది నన్ను పట్టుకుని ఏడుస్తుంది. మీరు ఆ సందు చూసుకుని తప్పించుకుంటారు. మీరే వెళ్ళండి," అన్నారు. మర్నాడు పొద్దున్నే మావా కోడళ్ళు బస్సెక్కారు. దారి పొడుగునా దాళ్వా వరి కోతలు అయిపోయిన చేలు ఎండకి బీటలు తీసి ఉన్నాయి. ఉంగుటూరు దాటేదాకా ఆయన పెదాలు కదుపుతూనే ఉన్నారు. పక్కన కూర్చున్న ఎవరో ఆవిడ, ఏదో జపం చేసుకుంటున్నారనుకుని జరిగి చోటిచ్చింది.

తలుపు తీసిన పద్మప్రియ తండ్రిని చూసి, తీసిన తలుపు తీసినట్టే పట్టుకుని నిలబడిపోయింది. చిక్కిపోయింది. లోపలికి రమ్మని అనలేదు.

"తప్పు నాదమ్మా," అన్నారు కామేశం గారు. మూడు సెకన్లు కూడా పట్టలేదు.

పద్మప్రియ వదినవైపు చూసింది. "నువ్వు రాసిచ్చావా వదినా?"

సంహిత తల దించుకుంది. పద్మప్రియ తండ్రివైపు తిరిగింది. "ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి నాన్నగారూ. ఈ నాలుగేళ్ళలో, మీరన్న ఆ మాట మీకు ఒక్కరోజైనా గుర్తొచ్చిందా?"

వచ్చిందనే అంటారని సంహిత అనుకుంది. ఆ గుమ్మంలో నిలబడితే ఎవరైనా అదే అంటారు. ఆయన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు.

"లేదమ్మా," అన్నారు. "అసలు అన్నట్టే గుర్తులేదు. నీ ఇష్టం తల్లీ అన్నానని నేనూ నమ్మాను, అందరినీ నమ్మించాను. మొన్న టీవీలో విని, ఎవడీ దుర్మార్గుడు అని తిట్టాను కూడా. మీ అమ్మ చెబితే కూడా నమ్మలేదు. అంత తేలిగ్గా అనేశాను నిన్ను. అనేసి మర్చిపోయాను."

పద్మప్రియ పెదవి బిగబట్టింది. "నేను ఒక్క పూట మర్చిపోలేదు. క్రితం ఏడాది ఆసుపత్రిలో ఆపరేషనుకి తీసుకెళ్తుంటే కూడా అదే. నాకేమైనా అయితే నాన్నగారు ఓ చెంబుడు నీళ్ళు పోసుకుని భోంచేసేస్తారు కదా అనుకున్నాను."

"ఆపరేషనేమిటమ్మా?"

"కడుపు నిలవలేదు నాన్నగారూ. అయిదో నెలలో. అమ్మకి తెలుసు. మీకు చెప్పద్దని ఒట్టేయించుకున్నాను."

కామేశం గారు మెట్టు మీద కూలబడ్డారు. రెండు చేతుల్లో మొహం దాచుకుని, వీధిలో జనం చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చారు. ఆయన అలా ఏడవడం ఆ ఇద్దరూ ఎప్పుడూ చూడలేదు.

కాసేపటికి పద్మప్రియ మెల్లగా అంది. "ఎండగా ఉంది. లోపలికి రండి. ఈయన స్కూల్లో అడ్మిషన్ల పని మీద ఉన్నారు, రావడానికి రెండవుతుంది. మీరు అంతసేపు ఉండద్దులెండి, పన్నెండింటి బస్సు..."

"ఉంటానమ్మా," అన్నారాయన, గోడ పట్టుకుని లేస్తూ. "పోయిన బిడ్డ ఆయన బిడ్డ కూడానూ. ఆయనకి కూడా చెప్పుకోవాలి నేను. ఎంతసేపైనా కూర్చుంటాను."

అప్పటిదాకా పట్టుకున్న తలుపు వదిలేసింది పద్మప్రియ. గడప దాటి వచ్చి, తండ్రి భుజం మీద తల ఆనించి నాలుగేళ్ళ ఏడుపూ ఏడ్చింది.