అసిరయ్య మొహం

ఆదివారం పొద్దున్నే మొగుడికి మొహం కడిగి, ఇడ్లీ తినిపించి, కనకలక్ష్మి చేపల గంప సర్దుకుంటోంది. అప్పుడే తన ఫోన్ తెరవమన్నాడు అసిరయ్య. మంచానికి బిగించిన స్టాండులో ఉన్న ఫోన్ ముందుకు వంగి ఆవిడ తన మొహం చూపించింది. తెరుచుకుంది.

రెండేళ్లుగా అదే వరస. వండూర్ పడవల జెట్టీ మీద జారిపడ్డ నాటినుంచి అసిరయ్యకి చేతులూ కాళ్లూ కదలవు, మెడ కూడా తిరగదు. కొత్త ఫోన్‌లో మొహం ఎక్కించడానికి తల గుండ్రంగా తిప్పమంటే తిప్పలేకపోయాడు. ఆలుమగలకి అరమరికలేమిటని ఆవిడ తన మొహమే ఎక్కించేసింది.

"ఇది నా మొగానికి తెరుచుకోవాల," అన్నాడు అసిరయ్య.

కనకలక్ష్మికి ముక్క అర్థం కాలేదు. ఎందుకంటే చెప్పడు. ఉంటే బాగుంటుందంటాడు. సెలవుకి ఆస్టినాబాద్ నుంచి వచ్చిన కూతురు శ్రావణి అప్పుడే ఫోన్ అందుకుని సెట్టింగులు వెతకడం మొదలుపెట్టింది. అంటే తండ్రీకూతుళ్లు ముందే అనుకున్నారన్నమాట! ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

"నీ ఒంటిమీద గుడ్డ మార్చీది నాను. నా కాడ దాచీదేటయ్యా అందులో?"



"అమ్మా, రుక్ జా, కాస్త ఆగు. ఫోన్ నాన్నది కదా," అంది శ్రావణి. తల తిప్పలేనివాళ్లకి వేరే దారి ఇందులోనే ఉందట, ఎదురుగా చూస్తే చాలట. తెరుచుకున్నాక నోటితో పేరు చెబితే చాలు, ఆ మనిషికి అదే కాల్ కలుపుతుందట. మొదటినుంచీ ఉన్నదే, మనకే తెలియలేదంది. ఆ మాట కనకలక్ష్మికి ఇంకా గుచ్చుకుంది. గంప ఎత్తుకుని విసవిసా వెళ్లిపోయింది.

బజారులో కూర్చుందే గానీ మనసు మనసులో లేదు. తన చాకిరీలో ఏం లోపం వచ్చింది? తనంటే విసుగు పుట్టిందా? ఎవరితో మాట్లాడాలని? ఎంత ఆలోచించినా తలా తోకా దొరకలేదు. సూరచేప కోస్తూ రెండుసార్లు తూకం తప్పింది.

ఇంతలో ఆవిడ ఫోన్ మోగింది. అసిరయ్య పేరు. గబుక్కున ఎత్తింది.

"ఏటయ్యింది? మంచం మీంచి పడిపోనావా?"

"నేదు."

"నీళ్లు కావాలా? శ్రావణి నేదా?"

"ఉంది. నీళ్లొద్దు."

"మరేటి కావాల?"

"ఏటీ వద్దు. ఊరికే చేసినాను." అన్నాడు అసిరయ్య. "రెండేళ్లయి నిన్ను పిలిచిన ప్రతిసారీ ఏదోటి అడగడానికే లచ్చిమీ. నీతో మాటాడాలన్నా నువ్వే వచ్చి ఫోన్ తెరవాలి. ఒక్కసారి ఏటీ అడక్కుండా పిలవాలని..."

కనకలక్ష్మికి కళ్లలో నీళ్లు ఆగలేదు. చెంగుతో నోరు నొక్కుకుంది. ఎంత మాట అన్నాను నా మనిషిని, అనుకుంది. ఎదురుగా నిలబడ్డామె చేప ధర అడుగుతోంది. ఆగు దీదీ అన్నట్టు చెయ్యి చూపించి, కత్తి పక్కన పెట్టేసింది.

"ఊరికే చేసినోడివి ఫోన్ పెట్టెయ్యకు మరి," అంది. "మాటాడు మావా, ఇంటన్నాను."