పగటి దోమ

"సింగపూర్ల దోమలా? నేను లింగంపల్లోన్ని సిస్టర్. మా దోమలకే భయపడలే!"

వీరేశం నవ్వాడు. నర్సు సంధ్య నవ్వలేదు.

హైటెక్ సిటీలో కొత్తగా లేచిన అద్దాల భవనంలో అతను ఏసీ మెకానిక్. 1999 జూన్‌లో కంపెనీ అతన్ని మూడు నెలల ట్రైనింగ్‌కు సింగపూర్ పంపుతోంది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం మాదాపూర్ క్లినిక్‌కు వస్తే, ఈ నర్సు పట్టుకుంది.

"డెంగీ దోమ పగటిపూట కుడతది. నిండు చేతుల అంగీ వేసుకోండ్రి, క్రీమ్ రాసుకోండ్రి. రూముల నీళ్లు నిల్వ ఉంచొద్దు. జ్వరమొస్తే ఆస్ప్రిన్ గిట్ల మింగొద్దు. సీదా డాక్టర్ దగ్గరికి పోవాలె."

"డౌటొస్తే?"

ఆమె చీటీ మీద నంబర్ రాసింది. "క్లినిక్‌ది. నాది కాదు."

"ఎత్తేది మీరే గద!"

బయట వాన. అతను తడుస్తూ, ఈల వేసుకుంటూ వెళ్లడం సంధ్య కిటికీలోంచి చూసింది.

సింగపూర్‌లో వీరేశం రోజూ క్రీమ్ రాసుకునేవాడు. రూమ్మేట్ రామాంజనేయులుది గుంటూరు.

"ఏవండీ, ఆ క్రీము దోమల కోసమా, సిస్టరు గారి కోసమా?" అని ఆటపట్టించేవాడు. తను మాత్రం నిక్కరుతోనే తిరిగేవాడు.

ఐదో వారంలో అతనికే జ్వరం వచ్చింది. వీరేశం వెంటనే డాక్టర్‌కు చూపించాడు. డెంగీయే. నాలుగో రోజుకు జ్వరం దిగింది.

"తగ్గిపోయిందండీ, రేపు డ్యూటీకి వచ్చేస్తా" అన్నాడు రామాంజనేయులు, పొట్ట పట్టుకుని. అప్పటికే రెండుసార్లు వాంతి చేసుకున్నాడు.

మాదాపూర్ క్లినిక్‌లో ఫోన్ మోగితే సంధ్యే ఎత్తింది. వీరేశం సంగతంతా చెప్పాడు.

"జ్వరం దిగినంక కడుపునొప్పి, వాంతులా? అది డేంజర్. ఇప్పుడే దవాఖానకు తీస్కపోండ్రి!" ఆమె గొంతు వణికింది. "మీకేం లేదు గద?"

"నాకేం లేదు."

"ఇగ ఫోన్ పెట్టేసి ఉరుకుండ్రి!"

మూడు రోజులు క్లినిక్‌లో ఫోన్ మోగినప్పుడల్లా సంధ్యే పరుగెత్తింది. చివరికి ఆ గొంతు వినిపించింది.

"గండం గడిచింది సిస్టర్. టైంకు తెచ్చినవన్నడు డాక్టర్."

సంధ్య కుర్చీలో కూలబడి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

సెప్టెంబర్‌లో వీరేశం క్లినిక్ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"మళ్లేం సర్టిఫికెట్ కావాలె?"

"ఒక్క మాట అడగాలె. ఆ రోజు మీ గొంతు వణికింది రామాంజనేయులు కోసమా, నా కోసమా?"

సంధ్య సిరంజీల ట్రే సర్దింది. సర్దినదే మళ్లీ సర్దింది.

"ఆయన కోసం పరేషానైన. మీ కోసం భయపడ్డ" అంది మెల్లగా.

వీరేశం గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేశాడు. "అమ్మను తీస్కొని మీ ఇంటికి వస్త. వద్దంటరా?"

"ఆదివారం నాయిన ఇంట్లనే ఉంటడు."

ఆ ఆదివారం నిజాంపేటలోని ఇంట్లో సంధ్య తండ్రి రామన్న అన్నీ విన్నాడు. వీరేశం వాళ్లమ్మ చీరకొంగు నలుపుకుంటూ కూర్చుంది.

"పిల్లగాడు మంచోడే. నీకిష్టమేనా బిడ్డా?" అని అడిగాడు రామన్న.

"ఇష్టమే నాయినా" అంది సంధ్య, తలుపు చాటు నుంచి బయటికొచ్చి. కుర్చీ లాక్కుని వీరేశం పక్కనే కూర్చుంది.